ఆంటీకి అందే ఎత్తు

ఆ ఉదయం మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఎవరో ఒక కాగితం అంటించారు. పిల్లి తప్పిపోయిందట. బూడిద రంగు, మెడలో ఎర్ర పట్టీ. కాగితం రోడ్డు వైపు కాక వెనకనున్న గరాజ్ గోడ వైపు తిరిగి ఉంది. అంటించిన మనిషి చలిగాలికి గోడ చాటున నిలబడి, తనకి వీలైన వైపు అంటించి వెళ్ళిపోయి ఉంటాడు. దాన్ని చదవాలంటే స్తంభానికీ గోడకీ మధ్య దూరాలి. నేను దూరి చదివాను కాబట్టి పట్టీ రంగు నాకు తెలిసింది.

ఇంట్లోకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మా తెలుగు సంఘం పెద్ద. ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా ముందు చలి గురించి మాట్లాడతారు. ఆ రోజు మాట్లాడలేదు. "ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా" అన్నారు. తెల్లవారుజామున, తను ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసిన హాస్పిటల్లోనే. పక్షవాతం రెండోసారి వచ్చిందట. శుక్రవారం సమాధి కార్యక్రమం అని, కాఫీ సంగతి నన్ను చూసుకోమని చెప్పి పెట్టేశారు.

నేను మళ్ళీ బయటికి వెళ్ళి, ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, రోడ్డు వైపుకి తిప్పి అంటించాను. ఆంటీ ఉంటే ఇదే చేసేవారనుకుని చేయలేదు. చేశాక అలా అనిపించింది.

ఆవిడ నాకు బంధువు కాదు. మా ఊరూ కాదు. మాది ఏలూరు, ఆవిడది నరసాపురం వైపు. ఎనభై ఒకటిలో నేను లైబ్రరీ సైన్సు చదవడానికి న్యూజెర్సీ వచ్చి పిస్కాటవేలో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి అడుగు అంతస్తులో తెలుగు ఆరాధన జరిగేది. నేను చివరి వరసలో కూర్చునేదాన్ని. కాన్వెంటులో పదేళ్ళూ అసెంబ్లీలో నా చోటు చివరి వరసే, అలవాటైపోయింది. ఆరాధన అయ్యాక అందరూ కాఫీకి లేచేవాళ్ళు. నేను గోడకున్న నోటీసులు చదివేదాన్ని.

నాలుగో ఆదివారమో అయిదో ఆదివారమో వంటగది గుమ్మంలోంచి ఒక పొట్టి ఆవిడ నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఆ నోటీసు ఎక్కడికీ పారిపోదు గానీ, ఇలా వచ్చి ఈ అలమర మీది కాఫీ గిన్నె దించు."

దించాను. పేరేమిటి, ఏం చదువుతున్నావు, అమ్మా నాన్నా ఏం చేస్తారు అని ఆవిడ అడగలేదు. గిన్నె కడిగి పెట్టమన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం గిన్నె దించడం, కడగడం, ఎక్కించడం నా పని. నలుగురి మధ్య ఉంటూ మాట్లాడకుండా గడపడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఆవిడ అది ఆలోచించే నాకు ఆ పని ఇచ్చారని చాలా రోజులకి గాని నాకు తట్టలేదు. సంఘంలో అందరూ ఆవిడని ఆంటీ అనేవాళ్ళు, ఆవిడకంటే నాలుగైదేళ్ళు చిన్నవాళ్ళు కూడా. నేనూ అదే అన్నాను.

జార్జియా నుంచి మెయిన్ వరకు తూర్పు కొండల మీదుగా, అడవుల్లోంచి ఒక కాలిబాట పోతుంది. రెండు వేల మైళ్ళ పైమాటే. మొత్తం నడిచేవాళ్ళు కొద్దిమంది. ఎక్కువమంది ఒక మజిలీ నడిచి, కారెక్కి ఇంటికి పోతారు. దారి చూపించడానికి చెట్ల మీద తెల్ల గుర్తులుంటాయి, రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. చెట్టు మీద ఒక్క గుర్తు ఉంటే నేరుగా సాగిపొమ్మని. ఒకదాని పైన ఒకటి రెండుంటే, ఆగి చూసుకో, ఇక్కడ మలుపుంది అని. ఈ బాటని ఒక క్లబ్బు వాళ్ళు ముక్కలుగా పంచుకుని చూసుకుంటారు. జీతాలుండవు. విరిగిపడిన కొమ్మలు తీయడం, ముళ్ళపొదలు కొట్టడం, వాననీళ్ళు బాట మీద నిలవకుండా పక్కకి మళ్ళించడం, వెలిసిన గుర్తులు మళ్ళీ వేయడం. న్యూజెర్సీకి ఉత్తరాన, న్యూయార్క్ సరిహద్దు దగ్గర, నాలుగు మైళ్ళ చిల్లర ఆంటీ భాగం.

నిజానికి అది అంకుల్‌ది. అంకుల్ని నేను చూడలేదు. ఆయన ఒక పెయింట్ల కంపెనీలో కెమిస్టు. పొడగరి, మాట తక్కువ, శనివారం అయితే ఇంట్లో ఉండేవారు కాదు అని విన్నాను. డెబ్బై తొమ్మిదిలో ఆఫీసులోనే గుండె ఆగి పోయారు. క్లబ్బు వాళ్ళు సానుభూతి ఉత్తరం రాస్తూ, ఆయన భాగం ఇంకెవరికైనా అప్పగిస్తాం, మీరు దిగులు పడవద్దు అన్నారట. అవసరం లేదు, నేను చూసుకుంటాను అని ఆంటీ తిరుగు టపాలో జవాబు రాశారు. అప్పటికి ఆవిడ ఆ బాట మీద ఒక్క అడుగు పెట్టలేదు. ఎందుకు ఒప్పుకున్నారని నేను ఒకసారి అడిగాను. "బేస్‌మెంట్ నిండా ఆయన పెయింట్ డబ్బాలే. అంత పెయింట్ పెట్టుకుని నేనేం చేసుకోను?" అన్నారు.

ఆంటీకి డ్రైవింగ్ రాదు. అంకుల్ స్టేషన్ వాగన్ ఇంటి ముందే ఉండేది. మొదటి రెండేళ్ళు సంఘంలో ఎవరో ఒకరు ఆవిడని పొద్దున అడవి దగ్గర దించి సాయంత్రం తెచ్చేవాళ్ళు. ఎనభై రెండు వసంతంలో నాకు లైసెన్సు వచ్చింది. ఆ ఆదివారమే కాఫీ గిన్నె దగ్గర అడిగారు: "నువ్వు డ్రైవ్ చేయి, నేను అన్నం పెడతాను. మాట్లాడక్కర్లేదులే, అడవేం అడగదు."

ఆ మొదటి శనివారం నాకు బాగా గుర్తుంది. ఆంటీ అంకుల్ ప్యాంటు నాలుగు మడతలు పైకి మడిచి, పాతబడిన డ్యూటీ బూట్లు వేసుకుని వచ్చారు. నర్సులు వేసుకునే తెల్ల బూట్లు, అప్పటికి తెలుపు పోయి అడవి రంగుకి వచ్చాయి. సంచిలో పులిహోర, కోడిగుడ్డు వేపుడు, చపాతీలు, అరటిపళ్ళు, ఫ్లాస్కులో టీ. అయిదుగురికి సరిపోతాయి. ఇంకెవరైనా వస్తున్నారా అని అడిగాను. "ఇద్దరికి వండటం నాకు రాదే" అన్నారు. ఆ సంచి నేనే మోశాను.

గుర్తు వేయడానికి ఆవిడ దగ్గర ఒక అచ్చు ఉండేది. పాత ఎక్స్‌రే ఫిల్ములో రెండంగుళాలకి ఆరంగుళాలకి కిటికీలాగా కోసింది. అంకుల్ కోశారట. ఫిల్ము ఆంటీ హాస్పిటల్ నుంచి తెచ్చారు. చెట్టుకి ఆనించి కిటికీలో పెయింట్ వేస్తే అంచులు తిన్నగా వస్తాయి. ఎండకి పట్టి చూస్తే ఎవరివో పక్కటెముకలు కనిపించేవి.

అచ్చు తీసే లోపే నేను బ్రష్షు పట్టుకుని ఒక మేపుల్ చెట్టుకి చుట్టూ తెల్లగా పట్టీ వేయడం మొదలుపెట్టాను. తెలుపు డబ్బా ఇచ్చి చెట్టు చూపిస్తే ఇంకేం చేయాలో నాకు తెలియదు. మా ఊరి రోడ్డు పక్క చెట్లకి అలాగే వేస్తారు. సగం చుట్టు అయ్యాక ఆంటీ వెనక్కి తిరిగి చూశారు.

"ఆపవే తల్లీ. ఇది ఏలూరు రోడ్డనుకున్నావా? కలెక్టరు గారు వస్తున్నారా?"

నేను తల వంచుకున్నాను. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. తర్వాత బ్రష్షు తీసుకుని చెప్పారు, చుట్టూ వేసిన పట్టీ అందరికీ కనబడుతుంది గానీ ఎటు పోవాలో ఎవరికీ చెప్పదు అని. గుర్తు నడిచి వచ్చే మనిషికి ఎదురుగా ఉండాలి. అందుకని ఉత్తరానికి పోయేటప్పుడు ఉత్తరానికి పోయేవాళ్ళ గుర్తులు వేయాలి, తిరిగి వచ్చేటప్పుడు దక్షిణానికి వచ్చేవాళ్ళవి. ఒకే నడకలో రెండూ వేద్దామని చూస్తే తప్పు పోతుంది. "వేసేవాడికి కాదు, వచ్చేవాడికి కనబడాలి" అనేవారు.

ఇంకో మాట కూడా అనేవారు. ఒక గుర్తు దగ్గర నిలబడితే దాని తర్వాతిది కనబడాలి, మూడోది కనబడక్కర్లేదు. కనబడితే నడిచేవాడు కాళ్ళ కింద చూసుకోడు. రోగులకి కూడా అంతేనట. ఇవాళ ఏం చేయాలో చెప్పాలి, రేపటిది రేపు.

మధ్యాహ్నం ఒక రాతిగోడ మీద కూర్చుని తినేవాళ్ళం. ఒకప్పుడు అక్కడ పొలాలుండేవి, ఇప్పుడు పొలాల్లో ఓక్ చెట్లు పెరిగిపోయి గోడలు మాత్రం మిగిలాయి. ఆంటీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు, గట్టిగా, అడవికి వినబడేలా. నేను కళ్ళు తెరుచుకుని ఉండేదాన్ని. ఒకసారి ప్రార్థన మధ్యలో ఒక లేడి వచ్చి పులిహోర వైపు చూసి వెళ్ళిపోయింది. ఆ సంగతి నేను ఆంటీకి చెప్పలేదు, కళ్ళు తెరిచానని తెలిసిపోతుందని. ఇంటికి వెళ్ళే ముందు ఒకరి మెడ ఒకరం, మోచేతుల మడతలు పిడుదుల కోసం చూసుకునేవాళ్ళం. ఆవిడ నర్సు కాబట్టి నన్ను ఎక్కువసేపు వెతికేవారు.

ఇలా ఏడాదికి రెండుసార్లు, ఆకులు వచ్చేముందు ఒకసారి, రాలేముందు ఒకసారి. నేను వేరే చోట ఆ బాట మీద నడవలేదు. అందుకని ఆంటీ భాగంలో ప్రతి చెట్టు మీదా రెండేసి గుర్తులుండటం నాకు వింతగా తోచలేదు. పైది అంకుల్ వేసింది, ఆయన కంటి ఎత్తున. కిందది ఆంటీ వేసింది, తన కంటి ఎత్తున. రెండింటికీ మధ్య ఒక మూరెడు. పై గుర్తులు ఆంటీకి అందేవి కావు, అందుకని వాటి కింద తనవి వేసుకుంటూ పోయారు. ఆయనవి ఎలాగూ రెండు మూడేళ్ళలో వెలిసిపోతాయనుకున్నారు. వెలవలేదు. అంకుల్ ఆ పెయింటు తన కంపెనీ నుంచే తెచ్చేవారు, కలపవలసినవి తనే కలుపుకునేవారు. "ఆయన పెయింటు ఆయనకంటే గట్టిది" అని ఒకసారి అన్నారు ఆంటీ. గీకేయవచ్చు. గీకేయలేదు.

ఎనభై నాలుగు ఆగస్టులో క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఆంటీ దాన్ని బైబిల్లో పెట్టుకుని చర్చికి తెచ్చి, వంటగదిలో నా చేతికిచ్చి చదవమన్నారు. ఆవిడకి నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. అయినా నేను పైకి చదివాను.

ఒక తండ్రి ఇద్దరు పిల్లలతో ఆ మజిలీ నడిచాడు. ప్రతి చెట్టూ మలుపు మలుపు అని చెబుతుంటే కొంతసేపు చూసి, ఇంక ఆ గుర్తుల్ని పట్టించుకోవడం మానేశాడు. నిజంగా మలుపు వచ్చిన చోట కూడా పట్టించుకోలేదు. ఒకప్పుడు కలప తరలించిన పాత బండిదారిలో నేరుగా దిగిపోయాడు. ముగ్గురూ చీకటి పడ్డాక ఎక్కడో ఒక రోడ్డు మీదికి తేలారు. అక్టోబరు మూడో శనివారం మా మనిషి వచ్చి చూస్తాడు, అప్పటికి గుర్తులు సరిగ్గా లేకపోతే ఈ భాగం వేరొకరికి అప్పగించవలసి వస్తుంది అని మర్యాదగానే రాశారు.

ఆంటీ చేతిలో కప్పు కడుగుతూనే ఉన్నారు.

"పిల్లల వయసు రాశారా?"

"తొమ్మిది, ఆరు."

కప్పు బోర్లించారు. ఇంకోటి తీశారు. అది కడుగుతూ, "మూరెడు ఎడం ఉంది కదా, జత అనుకోరులే అనుకున్నానే" అన్నారు. ఆవిడ తన గురించి సంజాయిషీ చెప్పుకోగా నేను విన్నది అదొక్కసారే.

ఆ భాగం పోతే ఆవిడకి ఏమవుతుందో నాకు తెలుసు. ఏమీ కాదు. శనివారాలు ఖాళీగా ఉంటాయి, డబ్బాలు బేస్‌మెంట్లో ఉంటాయి, అంతే. హాస్పిటల్ నుంచి రిటైరై అప్పటికి మూడు నెలలు. కూతురు మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంది, రమ్మంటూనే ఉంది. ఆంటీ వెళ్ళకపోవడానికి ఏడాదికి రెండు శనివారాలు తప్ప వేరే కారణం నాకు కనబడేది కాదు.

ఒక వరస తీసేయాలి. అది తేలిపోయింది. ఏ వరస అన్నదే మిగిలింది. కారులో వెళుతూ నేను అన్నాను, దానికి ముందు మూడు రోజులు మనసులో అనుకున్నాను కాబట్టి సరిగ్గా గుర్తుంది.

"పైవి నేను వేస్తాను ఆంటీ. నాకు అందుతాయి. కిందవి తీసేద్దాం."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు.

"నువ్వెన్నాళ్ళుంటావే ఇక్కడ? చదువైపోతే ఎక్కడ ఉద్యోగమొస్తే అక్కడికి పోతావు. పోవాలి కూడా. వచ్చే ఏడు పైవి ఎవరు వేస్తారు? వెలిసిపోతే మళ్ళీ ఎవడో పిల్లల్ని తీసుకుని చీకట్లో తిరుగుతాడు. నాకు అందేవి ఉంచు. ఆయనవి తీసేయ్."

సెప్టెంబరులో రెండు శనివారాలు పట్టింది. ముందు లేచిపోయిన పెయింటు గీకాలి, బెరడు తెగకుండా. తర్వాత బెరడు రంగు పూయాలి. ఆంటీ అంకుల్ డబ్బాల్లోంచే రంగులు కలిపారు. వేరే పెయింటు ఆయన పెయింటు మీద నిలవదన్నారు. ఒక అట్టముక్క మీద బూడిద రంగు, కొంచెం గోధుమ, చుక్క నలుపు. ఓక్‌కి ఒక బూడిద, మేపుల్‌కి ఒకటి, బర్చ్‌కి ఇంకా లేతది. చెట్టు దగ్గర నిలబడి అట్టని బెరడుకి ఆనించి, కళ్ళు చిట్లించి చూసి, ఇంకో చుక్క వేసేవారు. పై గుర్తులు కప్పడం నా పని. ఆవిడ కింద తన గుర్తులకి కొత్త తెలుపు వేసుకునేవారు. ఒకే చెట్టు దగ్గర ఇద్దరం నిలబడి, ఆవిడ వేస్తుంటే నేను చెరిపేదాన్ని.

మొదటి శనివారం ఆవిడ తల ఎత్తి చూడలేదు. మధ్యాహ్నం ప్రార్థన మామూలుకంటే పొడుగ్గా సాగింది, అందులో అంకుల్ ప్రస్తావన లేదు, ఆ తొమ్మిదేళ్ళ పిల్ల, ఆరేళ్ళ పిల్లవాడు ఉన్నారు. రెండో శనివారం చూశారు. "ఎడమ మూల మిగిలింది" అని డ్రెస్సింగ్ చూసే నర్సులాగా చెప్పేవారు. నేను ఆ మూల కప్పేదాన్ని.

రాతిగోడ దగ్గర బాట తూర్పుకి తిరుగుతుంది. ఆ తండ్రి దారి తప్పింది అక్కడే. ఆ మలుపులో ఒక లావుపాటి ఓక్ ఉంది. నిజంగా మలుపు కాబట్టి అంకుల్ అక్కడ రెండు గుర్తులు వేశారు. ఆంటీ కూడా తన ఎత్తులో రెండు వేశారు. మొత్తం నాలుగు. మేం ఇద్దరం ఆ చెట్టు ముందు నిలబడ్డాం.

"నాలుగుంటే ఏమని అర్థం ఆంటీ?"

"ఇంట్లోనే ఉండాల్సిందిరా నాయనా అని."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. తర్వాత ఆవిడ అట్టముక్క, బ్రష్షు నా చేతికిచ్చి, తను రెండడుగులు వెనక్కి వెళ్ళారు.

"ఇక్కడ రెండుండాలి కదా. ఆయన పైది తీసేయ్. నా కిందది తీసేయ్."

తీసేశాను. అంకుల్ గుర్తుల్లో కిందది, ఆంటీ గుర్తుల్లో పైది మిగిలాయి. అవతలి ముఖం మీద కూడా అలాగే. ఆంటీ దగ్గరికి వచ్చి రెండూ తుడిచి, అచ్చు పెట్టి, తనది తను వేశారు. పైది నన్ను వేయమన్నారు. ఎక్స్‌రే ఫిల్ము నా చేతిలో పెట్టి, "అంచు కిందికి కారనివ్వకు" అన్నారు. కారనివ్వలేదు.

అక్టోబరులో క్లబ్బు మనిషి వచ్చాడు. స్కూల్లో వడ్రంగం నేర్పి రిటైరైన పెద్దాయన, నెరిసిన గడ్డం, నాకంటే తక్కువ మాట్లాడేవాడు. మా ముందు నడుస్తూ ప్రతి గుర్తునీ వేలితో తాకి చూశాడు. ఆంటీ చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుని వెనక నడిచారు. మైలు దాటాక ఆగి, గుర్తులు బాగున్నాయి గానీ కిందగా ఉన్నాయి అన్నాడు. కంటి ఎత్తున వేయాలని మా పుస్తకంలో ఉంది అన్నాడు.

"కంటి ఎత్తు అని రాశారు, నేనూ చదివాను. ఎవరి కంటి ఎత్తు అని రాయలేదు" అన్నారు ఆంటీ, ఇంగ్లీషులో, హాస్పిటల్లో డాక్టర్లతో మాట్లాడే గొంతుతో.

ఆయన పెన్ను తీశాడు. నోట్‌బుక్కులో ఏదో రాసుకుని నడిచాడు.

ఓక్ దగ్గర మళ్ళీ ఆగాడు. రెండు గుర్తుల మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి, ఇక్కడ జానెడున్నర ఉంది. జేబులోంచి కొలత టేపు తీసి, ఎందుకిలా అని అడిగాడు. నేను గోడ వైపు చూశాను. ఇంతా చేసి ఇక్కడ పోతుందనుకున్నాను.

"పైది నా భర్తది. కిందది నాది" అన్నారు ఆంటీ.

ఆయన టేపు సాగదీయలేదు. కాసేపు పట్టుకుని, జేబులో పెట్టేసుకున్నాడు. వచ్చేవాళ్ళకి ఇది తప్పకుండా కనబడుతుంది అన్నాడు. కాగితం గోడ మీద పెట్టి సంతకం చేశాడు. ఆ మజిలీ ఆంటీదే అయింది. తర్వాత ముగ్గురం అదే గోడ మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఆయన కరివేపాకు కూడా తినేశాడు. అయిదుగురి సంచి మొదటిసారి ఖాళీ అయింది.

నా చదువైపోయింది. ఉద్యోగం దూరం పోలేదు, నలభై నిమిషాల దూరంలో ఒక ఊరి లైబ్రరీలోనే దొరికింది. పుస్తకాలకి నంబర్లు వేసి అరల్లో సర్దే పని. "చూశావా, నీకూ గుర్తులు వేసే ఉద్యోగమే" అన్నారు ఆంటీ. శనివారాలు ఏళ్ళ తరబడి సాగాయి. కిందటేడు వేసవిలో ఆవిడకి పక్షవాతం మొదటిసారి వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. ఆకులు రాలేముందు, వద్దన్నా వినకుండా వచ్చారు. బండిదారి వైపునుంచి దగ్గర కాబట్టి కారు అక్కడే ఆపి, గోడ దాకా నెమ్మదిగా నడిపించాను. ఆవిడ కూర్చున్నారు. నేను అటు కొంత, ఇటు కొంత వేసి వచ్చాను. కనబడినంత మేరా వెనకనుంచి చెబుతూనే ఉన్నారు. "ఇంకొంచెం కిందికి. ఇంకా. ఆఁ, అక్కడ."

మార్చిలో ఆ ఫోన్ వచ్చింది.

సమాధి కార్యక్రమానికి క్లబ్బు పెద్దాయన వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. చివరి వరసలో నా పక్కనే కూర్చున్నాడు. ఆరాధన అంతా తెలుగులో జరిగింది. ఒక్క ముక్క తెలియకపోయినా అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చున్నాడు. చివర్లో నా వైపు వంగి, ఆ భాగం ఎవరికైనా అప్పగించమంటారా అని అడిగాడు. వద్దు, నేను చూస్తాను అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

నేను కాఫీ గిన్నె దించుతుంటే ఆంటీ కూతురు వంటగదిలోకి వచ్చింది. ఇక్కడే పెరిగిన మనిషి, తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది. చేతిలో ఒక సంచి. "అమ్మ చెప్పింది, ఈ పెయింట్ స్టఫ్ అంతా నీకేనంట. నీకు టైం లేకపోతే ఇట్స్ ఓకే, నేను వాళ్ళకి కాల్ చేస్తా" అంది. సంచిలో పెయింటు గీకే రేకు, రెండు బ్రష్షులు, మూడు బూడిద రంగులు ఆరిపోయిన అట్టముక్క, ఎక్స్‌రే ఫిల్ము. కాల్ చేయక్కర్లేదన్నాను. ఆమె తలూపి, గిన్నె పట్టుకోవడానికి సాయం వచ్చింది. బేస్‌మెంట్లో ఇంకా పదకొండు డబ్బాలున్నాయట.

మే నెల మొదటి శనివారం ఒక్కదాన్నే వెళ్ళాను. పులిహోర నాకు కుదరదు, రొట్టె, గుడ్డు తీసుకెళ్ళాను. ఉత్తరానికి పోతూ ఉత్తరం గుర్తులు, తిరిగి వస్తూ దక్షిణం గుర్తులు. మధ్యాహ్నం గోడ మీద కూర్చున్నప్పుడు దక్షిణం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వీపు మీద పెద్ద మూట, ఎండకి కమిలిన ముఖం. నీళ్ళు తాగుతూ, ఇక్కడ గుర్తులు ఇంత కిందగా ఎందుకున్నాయి, పిల్లలు వేశారా అని అడిగింది. ఒక నర్సు వేశారు అన్నాను. అది చాలినట్టుంది. మూట ఎత్తుకుని బయల్దేరింది. ఓక్ దగ్గర ఆగింది. ముందు పైకి చూసింది, తర్వాత కిందికి చూసింది, ఎదురుగా ఉన్న బండిదారిని ఒకసారి చూసి, తూర్పుకి తిరిగింది. చెట్ల మధ్య ఆ మూట కాసేపు కనిపించింది.

ఇంటికి వచ్చాక రెండు రోజులు నడుము నొప్పి పెట్టింది. నా ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు.